లాల్‌సింగ్ వేయని రీలు

లాల్‌సింగ్‌కు సినిమా కుదురుగా కూర్చుని చూడటం చేతకాదు. ఇరవై నిమిషాలు గడిచేసరికి కాళ్లు వాటంతట అవే లేస్తాయి. వాకిట్లోకి పోతాడు, గేదె కట్టుగొయ్య దాకా నడుస్తాడు, ఏ పనీ లేకుండానే తిరిగొచ్చి మళ్లీ చాప మీద కూర్చుంటాడు. ఇంట్లోవాళ్లు దీనికి అలవాటు పడిపోయారు. కోడలు భాను అయితే ఆయన లేవగానే రిమోట్ నొక్కి సినిమా ఆపుతుంది, వచ్చాక మళ్లీ నడిపిస్తుంది. ఆయన రావడం ఆలస్యమైనా ఒక్క మాట అనదు.

చండ్రుగొండకు రెండు మైళ్ల అవతల, అడవి మొదలయ్యే చోట ఉంది ఆ తండా. లాల్‌సింగ్ వయసులో పద్దెనిమిదేళ్లు చండ్రుగొండ దగ్గరి ఒక రేకుల టాకీసులో ఆపరేటరుగా పనిచేశాడు. అక్కడ మిషన్లు రెండు. ఒక దాని మీద రీలు అయిపోతుండగానే రెండో దాని మీద రీలు అందుకోవాలి. ఒక్కో రీలు ఇరవై నిమిషాలు. తెర మీద కుడివైపు పై మూలన నల్ల చుక్క ఒకటి మెరుస్తుంది. మొదటి చుక్కకు రెండో మిషను తిప్పాలి, రెండో చుక్కకు దాని వెలుగుకు అడ్డున్న రెక్క తెరవాలి. ఆ చుక్క తప్పితే తెర తెల్లబోతుంది, హాలంతా ఈలలు. ఆ టాకీసు మూతపడి చాలా ఏళ్లయింది, ఇప్పుడందులో పత్తి నింపుతున్నారు. కానీ ఆయన కన్ను మాత్రం ఇప్పటికీ హీరో ముఖం వదిలేసి కుడి పై మూలకే పోతుంది.

కొడుకు రాజేష్ సారపాక కాగితపు మిల్లులో కాంట్రాక్టు పనికి పోతాడు. శనివారం సాయంత్రం ఇంటికొస్తాడు. గోడంత టీవీ తెచ్చింది వాడే. భాను తండాలోనే అంగన్‌వాడీ టీచరు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరూ కలిసి ఒక సినిమా చూడాలని ఆమే పెట్టింది నియమం. వారానికొకరి వంతు. ఎవరి వంతు అయితే వాళ్లు అడిగిన సినిమా. గొడవ పడకుండా క్యాలెండర్ మీద పేర్లు కూడా రాసింది.

మొదటి వారం రాజేష్ వంతు. అందులో ఒక్కడే నలభై మందిని కొట్టాడు, జీపులు గాల్లోకి లేచాయి. అదంతా చూసి లాల్‌సింగ్‌కు ఒకటే అనుమానం మిగిలింది. వాళ్లమ్మ సినిమా మొదట్లో అన్నం వండి కొడుకు కోసం కూర్చుంది కదా, ఇంతమందిని కొట్టినవాడు చివరిదాకా ఒక్క ముద్ద కూడా తినలేదేమిటి? ఆ మాట అంటే రాజేష్ పడీ పడీ నవ్వాడు. అయితే సినిమా కన్నా ఆయన మనసులో నిలిచింది వేరొకటి. కొట్లాట మధ్యలో ఆయన భార్య చాందికి కునుకు పట్టింది. ఆ కొట్లాట కోసమే వారమంతా ఎదురుచూసిన రాజేష్, ఎవరూ చెప్పకుండానే, తల్లి నిద్ర చెడకుండా టీవీ గొంతు సగానికి తగ్గించేశాడు.

రెండో వారం మనవరాలు దుర్గది. తొమ్మిదేళ్ల పిల్ల, బొమ్మల సినిమా పెట్టించింది. కోతిపిల్లకు తల్లి ఎక్కడుందని చాంది నిమిషానికోసారి అడిగింది, పిల్ల విసుక్కోకుండా ప్రతిసారీ చెప్పింది. మూడో వారం భాను వంతు. పట్నంలో కిరాయి గదిలో ఉండే తల్లీకూతుళ్ల కథ అది. పాటలు లేవు, ఫైటింగులు లేవు, ఏమీ జరగలేదు. ఏమీ జరగని ఆ సినిమా మాత్రం మరునాడు మిరపచేలో కూడా ఆయన్ని వదల్లేదు. ఆ కూతురు తల్లితో చెప్పాలనుకున్న మాట చెప్పకుండా బస్సెక్కేసింది. తలుపు దాకా వచ్చిన మాట అది. ఎందుకు చెప్పలేదో లాల్‌సింగ్‌కు బాగా తెలుసు.

ఆ సినిమా చూసిన సాయంత్రమే భాను క్యాలెండర్ చూసి, వచ్చే వారం అత్తది అంది. చాంది తడుముకోలేదు.

"నాకు పడవ సినిమా కావాలె. టాకీసుల చూసిన. అన్న మొఖం మీద చెల్లె తలుపు మూస్తది సూడు, గది."

భాను ఫోనులో వెతికింది. నిమిషంలో దొరికింది. లాల్‌సింగ్ చేతిలోని ఛాయ్ గ్లాసు కింద పెట్టి వాకిట్లోకి పోయాడు. అప్పుడు సినిమా ఏదీ నడవడం లేదు.

ఆయన భయం ఏమిటో చెప్పాలంటే ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి పోవాలి.

చాందికి ఒక్కడే అన్న, బిచ్యా. బోనకల్ వైపు తండాలో ఉంటాడు. వాళ్లమ్మ అంతకు మూడేళ్ల ముందు వానాకాలంలో కన్నుమూసింది. మధ్యలో వాగు పొంగి దారి తెగింది. చెల్లెలు వచ్చేదాకా ఆగకుండా బిచ్యా ఆ సాయంత్రమే తల్లికి నిప్పు పెట్టాడు. మరునాడు మధ్యాహ్నానికి చాంది చేరేసరికి బూడిద మిగిలింది. నా తల్లి ముఖం నాకు దక్కనియ్యలేదు కాబట్టి నీ గడప తొక్కనని అందరి ముందూ ఒట్టు పెట్టుకుని, నీళ్లు కూడా ముట్టకుండా తిరిగొచ్చింది. బిచ్యా నోరున్న మనిషి కాదు. సమాధానం చెప్పుకోవడం చేతకాక ఊరుకున్నాడు. అలా మూడేళ్లు గడిచాయి.

అప్పుడొచ్చింది ఆ సినిమా. పడవ నడిపే అన్న, ఏటి అవతలి ఊరికి ఇచ్చిన చెల్లెలు. వరదలో తల్లి పోతే అన్న చెల్లెలి కోసం ఆగకుండా చితి అంటిస్తాడు. బిచ్యా దాన్ని ఖమ్మంలో చూశాడు. తమ ఇంటి కథను ఎవరో తెలుసుకుని తీశారేమోనన్నంత ఆశ్చర్యపోయాడట. అదే సినిమా లాల్‌సింగ్ టాకీసుకు వచ్చిందని తెలిసి, ఆఖరి రోజు మధ్యాహ్నం ఆటకు ముందు వెతుక్కుంటూ వచ్చాడు. నిచ్చెన మెట్లెక్కి కేబిన్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు చాంది కూడా తండా ఆడవాళ్లతో కలిసి వస్తోందని బిచ్యా విన్నాడు.

"బావా, నాకు మాట చెప్పరాదు. సినిమా చెప్తది. చాందిని ఆఖరు దాక కూసోనియ్యి. అయిపోంగనే నేను గేటు కాడ నిలబడ్త" అన్నాడు.

లాల్‌సింగ్ సరేనన్నాడు. మనసారా అన్నాడు.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి కరెంటు పోయింది. పోయింది పోయినట్టే యాభై నిమిషాలు రాలేదు. ఆ సినిమా పెట్టె మరునాడు ఇంకో ఊళ్లో ఆడాలి, సాయంత్రం ఆరింటి బస్సులో పోవాల్సిందే. అడవి వైపు ఊళ్లకు పోయే జనానికీ అదే ఆఖరి బస్సు. హాల్లో చంటిపిల్లల తల్లులున్నారు, నెలలు నిండిన మనిషి ఒకామె ఉంది. కండక్టరు రెండుసార్లు మెట్లెక్కి వచ్చి, డ్రైవరు ఆగనంటున్నాడని చెప్పిపోయాడు. ఇలాంటి రోజుల కోసం ప్రతి ఆపరేటరు దగ్గరా ఒక గాజు పలక ఉండేది, దాని మీద 'శుభం' అని రాసి ఉండేది, మిషను ముందు పెడితే అదే తెర మీద పడేది. చెల్లెలు అన్న ముఖం మీద తలుపు మూసే చోట రీలు అయిపోయింది. ఇంకొక్క రీలు మిగిలి ఉంది. లాల్‌సింగ్ ఆ రీలు ఎక్కించలేదు. పలక పెట్టాడు. ఇంతమంది చీకటి పడకముందే ఇళ్లకు చేరతారు, బిచ్యాకు నేను పోయి నచ్చజెప్పుకుంటాను అనుకున్నాడు. పుణ్యమే చేస్తున్నాననుకున్నాడు.

పెట్టె సర్ది బస్సు మీదికి ఎక్కించి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. గేటు పక్కన సోడాలమ్మే ఆయన చెప్పాడు. తెల్లంగి తొడుక్కున్న మనిషి ఒకాయన ఇక్కడే నిలబడ్డాడట. బయటికొస్తున్న ఆడవాళ్లంతా, చాందీ నీలెక్కనే బాగా మూసింది తలుపు అని ఆమెను మెచ్చుకుంటూ పోతుంటే విన్నాడట. కేబిన్ కిటికీ వైపు తల ఎత్తి ఒక్కసారి చూసి వెళ్లిపోయాడట. పై ఏడు ఒక పెళ్లిలో లాల్‌సింగ్‌కు కబురు తెలిసింది. బావ కావాలనే కోసిండు, నన్నూ నా చెల్లెనూ కలవనియ్యొద్దని కోసిండు అని బిచ్యా అంటున్నాడట.

చాందికి చెప్పాల్సింది. ఆ వారమే చెప్పాల్సింది. కానీ ఆ సినిమా తండాలో ఇంకో రకంగా బతకడం మొదలుపెట్టింది. మిరపకాయలు ఏరుతూ ఆడవాళ్లు దాన్ని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. చెప్పిన ప్రతిసారీ చివర తలుపు దగ్గరికి రాగానే చాంది తల నిటారుగా లేచేది. ఇంట్లో లంబాడీలో పోట్లాడుకునే ఆలుమగలు సినిమా సంగతి వస్తే తెలుగులోకి మారేవాళ్లు. ఆమె తెలుగులో, గర్వంగా, నా అసువంటి చెల్లె అనేది. ఆ మాట విన్నాక లాల్‌సింగ్ నోరు పెగిలేది కాదు. ఒకసారి రైలెక్కి బోనకల్ స్టేషన్ దాకా పోయాడు. అక్కడ ఛాయ్ తాగి, వచ్చే రైలుకు తిరిగొచ్చాడు. అలా ఏళ్లు పోగుపడ్డాయి.

ఆ వారం ఆయనకు నిద్రా లేదు, తిండీ లేదు. సోమవారం భాను దగ్గర చేరి, రామయ్య కథ సినిమా ఏదైనా పెడితే అందరికీ పుణ్యం కదా అన్నాడు. ఈ వారం అత్త వంతు మామా, వచ్చే వారం మీది, అప్పుడు పెట్టుకుందాం అని ఆమె నవ్వింది. బుధవారం ఇంటి వెనక డిష్ తీగె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పీకితే ఒక్క గుంజుకు వచ్చేస్తుంది. చెయ్యి పెట్టబోయి, ఈ వయసులో దొంగ పని ఏమిటని తనను తానే తిట్టుకుని వచ్చేశాడు. అయినా సినిమా వచ్చేది ఆ తీగె మీద కాదని, ఫోను మీదినుంచని దుర్గ తర్వాత చెప్పింది. శుక్రవారం సేవాలాల్ మహరాజ్ పటం ముందు రోజూ లాగే దీపం పెట్టాడు, చేతులు మాత్రం జోడించలేకపోయాడు. వెనక నుంచి చాంది చూస్తూనే ఉంది.

"ఏందయ్యా, వారం సంది కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్. పానం బాగలేదా? దవాఖానకు పోదామా?"

ఏం లేదన్నాడు. ఆమె నమ్మలేదు. ఆ పూట ఆయనకిష్టమని జొన్నరొట్టె చేసి, పక్కన కూర్చుని తినేదాకా లేవలేదు. తెలియక చూపించిన ఆ దయ ఆయనకు తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం రానే వచ్చింది. చాంది తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, టాకీసుకు పోయినట్టే వచ్చి కూర్చుంది. సినిమా మొదలైంది. పాత ప్రింటు నుంచి ఎక్కించినట్టున్నారు, కుడి పై మూలన నల్ల చుక్కలు అలాగే ఉన్నాయి. చుక్క మెరిసినప్పుడల్లా లాల్‌సింగ్ లేచాడు, కూర్చున్నాడు. తల్లి చితి కాలుతుంటే చాంది కొంగు నోట్లో కుక్కుకుంది. దుర్గ జరిగి నానమ్మ ఒళ్లో తల పెట్టుకుంది.

అన్న చెల్లెలి గుమ్మం ముందుకొచ్చాడు. చెల్లెలు తలుపు మూసింది. మూలన చుక్క మెరిసింది.

చాంది మోకాళ్ల మీద చేతులు ఊని లేచింది. అయిపోయింది, ఛాయ్ పెడతానంది.

"ఇంకా పదిహేడు నిమిషాలుంది అత్తా" అంది భాను.

"ఏముంటదే, శుభం అని పడతది. ఆపెయ్యి."

భాను రిమోట్ తీసింది. ఆమె వేలు మీట మీదికి పోవడం లాల్‌సింగ్ చూశాడు. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. చాంది వంటింట్లోకి పోతుంది, టీవీ ఆగిపోతుంది, ఇన్నేళ్లు గడిచినట్టే ఉన్న నాలుగేళ్లూ గడిచిపోతాయి. తండా ఆడవాళ్ల కథ తండా ఆడవాళ్లకే ఉంటుంది. ఆ క్షణంలో ఆయన దేవుణ్ని ఏమీ అడగలేదు. అడిగితే ఊరుకోమంటాడేమోనని భయపడ్డాడు.

"చాందీ, కూసో. ఇంకో రీలున్నది. ఆనాడు నేను ఎయ్యలే."

ఆమెకు అర్థం కాలేదు. కానీ ఆయన గొంతు విని కూర్చుంది.

తలుపు అవతల అన్న మెట్టు మీదే కూలబడ్డాడు. మూసిన తలుపుతోనే చెప్పాడు. నీ కోసం వరదలో మూడుసార్లు పడవ వేశాననీ, మూడోసారి పడవ పగిలి ఏట్లో కొట్టుకుపోతే ఎవరో ఒడ్డున వేశారనీ చెప్పాడు. నా బిడ్డను ఈ వరదలో రానియ్యొద్దని అమ్మ పోతూ పోతూ చేతిలో చెయ్యి వేయించుకుందనీ చెప్పాడు. చాలాసేపు తలుపు అలాగే ఉంది. తర్వాత తెరుచుకుంది.

సినిమా అయిపోయింది. అప్పుడు లాల్‌సింగ్ నేల చూస్తూ, బిచ్యా కేబినుకు రావడం దగ్గర్నుంచి బోనకల్ స్టేషన్లో తాగిన ఛాయ్ దాకా అన్నీ చెప్పాడు. రాజేష్ లేచి దుర్గను బయటికి తీసుకుపోయాడు.

చాంది అరుస్తుందనుకున్నాడు. ఆమె తెర వైపే చూస్తూ ఒకే ఒక్కటి అడిగింది.

"గేటు కాడ ఏమంగీ తొడుక్కున్నడు?"

"తెల్లంగి. కొత్తది. మడతలు కూడ పోలే."

ఆమె తల ఊపింది. లేచి ఛాయ్ పెట్టింది. అందరికీ గ్లాసులు చేతికి అందించి, ఆయన గ్లాసు మాత్రం నేల మీద పెట్టింది. ఆ రోజూ మరునాడూ ఆయనతో మాట్లాడలేదు. అన్నం వడ్డించింది, నీళ్లు తోడిపెట్టింది, మాట మాత్రం లేదు. వాకిట్లో ఎంత తిరిగినా ఆయనకు రోజు గడవలేదు. మంగళవారం పొద్దున సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"బోనకల్ పోదాం నడు. చెప్పేది నువ్వే. నా నోటితోని చెప్ప."

ఖమ్మంలో బస్సు మారి, బోనకల్‌లో ఆటో ఎక్కి, ఎండ నెత్తి మీదికొచ్చేసరికి తండా చేరారు. బిచ్యా ముసలివాడైపోయాడు, కర్ర లేనిదే లేవలేడు. వాకిట్లో చెల్లెల్ని చూసి కర్ర ఊనుకుని లేచాడు. లోపలికి రమ్మని చెయ్యి చూపాడు. చాంది గడప ముందు ఆగిపోయింది. ఒట్టు పెట్టుకున్న, తొక్క అంది. ఆ మాటలో కోపం లేదు, ఒట్టు ఒట్టే. అది విని బిచ్యా భార్య ఎవరినీ అడగలేదు. కోడళ్లను పిలిచి మంచాలు బయట వేయించింది, పొయ్యి మీది గిన్నెలు కూడా వాకిట్లోకి తెప్పించింది. ఇల్లు ఇల్లంతా గడప దాటి చాంది దగ్గరికి వచ్చేసింది.

లాల్‌సింగ్ కూర్చోలేదు. పంచాయితీలో నిలబడ్డవాడిలా నిలబడి అంతా చెప్పాడు. బిచ్యా కర్రతో నేల మీద గీతలు గీస్తూ విన్నాడు.

"కరెంటు పోయిందని నాకెరుకనే బావా. నేను గూడ లోపల్నే కూసున్న గదా" అన్నాడు చివరికి. "కానీ ఎవరి మీదనో ఒకరి మీద కోపం పెట్టుకోకపోతే ఆనాడు నాకు ఇంటికి పోబుద్ధి కాలే. నీ మీద పెట్టుకున్న."

చాంది అన్న వైపు తిరిగింది. ఆమె మూడేళ్లు అడగని, ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు అడగని ప్రశ్న ఇప్పుడు అడిగింది.

"నువ్వు వాగుల దిగినవా, నా కోసం?"

బిచ్యా గీతలు గీస్తున్న కర్రను పక్కన పెట్టాడు.

"సినిమాల లెక్క మూడుసార్లు గాదు. ఒక్కపారి దిగిన. నడుము దాక రాంగనే భయమైంది చెల్లే. వెనక్కి వచ్చిన."

"భయమైందని ఆనాడే చెప్తే అయిపోతుండె గదా" అంది చాంది. ఆ తర్వాత లంబాడీలో తిట్టడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు మేకలు తప్పిపోయిన నాటి నుంచి మొదలుపెట్టి వరసగా తిట్టింది. బిచ్యా తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు. మధ్యలో ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి, వదిన వచ్చి ముగ్గురికీ అన్నాలు పెట్టింది. లాల్‌సింగ్ కంచం కూడా వాళ్ల పక్కనే పెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఖమ్మం నుంచి బస్సులో జనం పలచగా ఉన్నారు. చాంది కిటికీ పక్కన కూర్చుంది. ఆయన పక్కన కూర్చోవాలో వెనక సీటుకు పోవాలో తెలియక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పక్క సీట్లోని సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆయన కూర్చున్నాడు. యూకలిప్టస్ తోటలు మొదలయ్యాక ఆమె బయటికే చూస్తూ అడిగింది.

"ఇంకెన్ని కోసినవ్?"

అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. దొంగ తమ్ముడి సినిమాలో జైలు నుంచి వచ్చే రీలు ఒక రోజు వేయలేదని చెప్పాడు. ఇద్దరు తోడికోడళ్ల సినిమాలో చిన్నకోడలు నిజానికి చనిపోలేదని, బస్సు టైము వల్ల తండా వాళ్లకు చనిపోయిందని చెప్పాడు. గుడి గంటల సినిమాలో పూజారి కొడుకు దొరికాడని చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఇంకోటి గుర్తొస్తోంది. ఆ చిన్నకోడలి కోసం తండాలోని ముసలి బాలి నెల రోజులు ఏడ్చిన సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆయన ఆగాడు. చాంది తల తిప్పలేదు.

"ఇంకా?" అంది.